ఆకుపచ్చ వేస్తే అన్న, ఖాకీ వేస్తే పోలీసు

పెళ్ళికి ఏ చీర కట్టుకోవాలో తేల్చుకోవడానికి నాకు పది నిమిషాలు చాలు. ఆదివారం తెల్లవారకముందే ఏదైనా గుట్ట ఎక్కడానికి వెళ్ళాలంటే మాత్రం శనివారం రాత్రి మంచం నిండా బట్టలు పరుచుకుని కూర్చుంటాను. అన్నీ పాతకాలపు మిలిటరీ బట్టలు. కొన్ని అసలువి, ఎక్కువ భాగం నకళ్ళు. నలభై మూడేళ్ళు వచ్చి, వారంలో ఆరు రోజులు ఊరివాళ్ళ లెక్కలు తనిఖీ చేసే మనిషికి ఇదేం పిచ్చి అని అల్వాల్‌లో మా వీధివాళ్ళకు ఇప్పటికీ అర్థం కాలేదు. మా అమ్మకు అర్థమైంది గానీ నచ్చలేదు.

పిచ్చి పుట్టింది ఎర్రగడ్డ ఆదివారం సంతలో. పాత తాళాలు, తుప్పు పట్టిన పానాలు, ఒంటి చెప్పులు అమ్మే చోట ఒకతను దుప్పటి మీద పాత బట్టలు కుప్ప పోసి కూర్చున్నాడు. అందులోంచి ముదురాకుపచ్చ చెయ్యి ఒకటి బయటికి వేలాడుతోంది. లాగితే జాకెట్ వచ్చింది. ముందు నాలుగు జేబులు, కాలర్‌కు ఒక జిప్పు, ఆ జిప్పు తీస్తే లోపల మడత పెట్టిన టోపీ. ఆరు వందలన్నాడు, మూడు వందల యాభైకి ఇచ్చాడు. ఇంటికి వచ్చి లోపలి లేబుల్ చదివాను. ‘డీఎస్ఏ-100-69’ అని ఉంది. రాత్రంతా కూర్చుని వెతికితే తెలిసింది: అమెరికా సైన్యం 1965లో తెచ్చిన ఎం-65 ఫీల్డ్ జాకెట్ అది. డీఎస్ఏ అంటే అప్పట్లో వాళ్ళ సైన్యానికి సరుకులు కొనిపెట్టిన సంస్థ, వంద తరవాత వచ్చే అంకె కొనుగోలు జరిగిన ఆర్థిక సంవత్సరం. అంటే 1969! వియత్నాం యుద్ధం నాటి బట్ట మా ఇంటి దండెం మీద ఆరుతోందని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున మా నాన్న చూశారు. ఆయన ఈఎంఈలో హవల్దారుగా చేసి రిటైరయ్యారు. సైన్యంలో బండ్లు, ఫిరంగులు, యంత్రాలు మరమ్మతు చేసే కోర్ అది. ఆయన దేన్నయినా ముందు తిరగేసి చూస్తారు, తరవాత మాట్లాడతారు. జాకెట్ తిరగేశారు, కుట్లు చూశారు, జిప్పు పైకీ కిందికీ లాగారు.

“అమ్మడూ, ఇది ప్లాస్టిక్ జిప్పు.”

“అయితే?”

“అరవై తొమ్మిదిలో వాళ్ళు ఇనప జిప్పో ఇత్తడి జిప్పో వేసి ఉంటారు గానీ ఇది వెయ్యరు. ఈ జాకెట్ నీకంటే చిన్నది.”

ఆ కాలపు ఎం-65కి లోహపు జిప్పే ఉండేదని తరవాత నేనూ నిర్ధారించుకున్నాను. లేబుల్‌తో సహా నకలు కొట్టారన్నమాట. రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగాను. మూడో రోజు అనిపించింది, అసలుదైతే ఏం చేసేదాన్ని? బీరువాలో కలరా ఉండల మధ్య పెట్టి పూజ చేసేదాన్ని. నకలు కాబట్టే రేగుపొదల్లోకి దూరాను, బండల మీద జారాను, చేతులు పొడుగైతే కత్తిరించాను. నేనొక్కదాన్నే కాదులెండి. 1924లో జార్జ్ మలరీ అనే బ్రిటిష్ పర్వతారోహకుడు ఎవరెస్టు మీదికి వేసుకు వెళ్ళి తిరిగిరాని ఆ బట్టలకు నకళ్ళు కుట్టించి, 2006లో గ్రాహం హోయ్‌లాండ్ అనే పర్వతారోహకుడు వాటిని అదే కొండ మీద వేసుకుని చూశాడు. పట్టు, నూలు, ఉన్ని పొరలు పొరలుగా. పనికొస్తాయనే తేల్చాడు. మలరీ ఒంటి మీది అసలు పీలికలను ఎవరూ తొడుక్కుని చూడలేరు కదా.

ఆ జాకెట్‌ను మొదట డిసెంబరులో వికారాబాద్ అనంతగిరికి వేసుకు వెళ్ళాను. తెల్లవారుజామున మంచు పడుతుంటే, ఆ బట్టను గీసినవాడు నిజంగా బయట చలిలో పడుకున్న మనిషే అనిపించింది. నడుము దగ్గర లోపల ఒక తాడు ఉంటుంది, బిగిస్తే గాలి కిందినుంచి దూరదు. మగవాళ్ళ కొలత బట్ట నా ఒంటికి కాస్తయినా ఆకారంగా నిలిచింది ఆ తాడు పుణ్యమే. మణికట్టు దగ్గర మూడు మూలల ముక్క ఒకటి లోపలికి మడిచి ఉంటుంది, తెరిస్తే అరచేతి వెనక భాగం కప్పుతుంది. వీపున రెండు మడతలు వదిలారు, చేతులు పైకెత్తి బండ పట్టుకున్నా జాకెట్ పైకి లేవదు. ఖరీదైన కొత్త ట్రెక్కింగ్ జాకెట్లు వేసుకొచ్చిన మా జట్టులోని ఇద్దరు కుర్రవాళ్ళు ప్రతిసారీ బొడ్డు కప్పుకోవాల్సి వచ్చింది. ఆ రోజు నా గర్వానికి అంతు లేదు.

గర్వం జులై దాకా నిలిచింది. అదే అనంతగిరి, అదే జాకెట్, ఈసారి ముసురు. నూలు, నైలాన్ కలిపి నేసిన బట్ట అది. చినుకులు కాసేపు ఆపుతుంది, ఆ తరవాత నీళ్ళు పీల్చడం మొదలుపెడితే ఇక ఆగదు. గంటన్నరలో ఒంటి మీద తడి గోనెసంచి మోస్తున్నట్టయింది. గాలి తగిలినప్పుడల్లా పళ్ళు టకటకలాడాయి. తిరుగు బస్సులో పక్క సీటామె జాలిపడి తన శాలువా ఇచ్చింది. తడిసిన నూలు ఒంట్లో వేడిని లాగేస్తుందని చదవడం వేరు, శంకర్‌పల్లి దాటే దాకా వణకడం వేరు. చల్లటి చోట, వానలో, నూలు మీద భరోసా పెట్టుకోకండి. అది పాతదైనా సరే, కొత్తదైనా సరే, ఎవరి సైన్యానిదైనా సరే.

ఇంటికి రాగానే నాన్న ఏమీ అనలేదు. ట్రంకుపెట్టె తెరిచి తన ఓజీ జెర్సీ తీసి ఇచ్చారు. ఓజీ అంటే ఆలివ్ గ్రీన్. భుజాల దగ్గర, మోచేతుల దగ్గర గుడ్డ అతుకులున్న ఉన్ని స్వెటర్. తడిసినా ఉన్ని వెచ్చదనం పూర్తిగా వదలదు, తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకుని కూడా ఒంటికి తడి తగలనివ్వదు. గుచ్చుకుంటుంది, అది నిజం. లోపల పల్చటి చొక్కా వేసుకుంటే సరి. ఉతకడానికి కుంకుడుకాయ రసం, చల్లటి నీళ్ళు, పిండకుండా నీడలో పరిచి ఆరబెట్టడం. ఈ స్వెటర్‌ను ఒకసారి వాషింగ్ మెషీన్‌లో వేస్తే మా మేనల్లుడికి సరిపోయేలా తయారవుతుందని నాన్న హెచ్చరిక. ఆ పెట్టెలోనే చిన్న గుడ్డ సంచీ ఒకటి దొరికింది. సూది, దారం, గుండీలు. సైన్యంలో దాని పేరు ‘హౌస్‌వైఫ్’. అమ్మకు ఆ పేరు విన్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. “ఇరవై నాలుగేళ్ళు ఇద్దరం వేరు వేరు ఊళ్ళలో ఉన్నాం, ఆయన వెంట ఉన్న హౌస్‌వైఫ్ ఇదన్నమాట” అంటుంది.

మన ఊళ్ళో అసలు సమస్య చలి కాదు, వాన కూడా కాదు. ఎండ, ముళ్ళు. రాచకొండ గుట్టల్లో ఫిబ్రవరిలోనే చెమట ఉప్పుగా మారి చొక్కా మీద తెల్లటి చారలు పడతాయి. అక్కడ ఎం-65 వేసుకుంటే ఆవిరి మీద ఇడ్లీ ఉడికినట్టే. ఆ ఎండకు సరిపడేది, 1960లలో అమెరికావాళ్ళే వియత్నాం అడవుల కోసం తెచ్చిన పల్చటి జంగిల్ జాకెట్. ఇది నాకు తెగ నచ్చే బట్ట, కాబట్టి కాస్త ఓపిక పట్టండి. మొదటి రకానికి గుండీలు బయటికి కనిపించేవి. అడవిలో ప్రతి తీగా వాటిని పట్టుకుని లాగింది. అందుకని తరవాతి రకంలో గుండీల మీద బట్ట కప్పారు. ఛాతీ మీది జేబులు నిటారుగా కాకుండా ఏటవాలుగా ఉంటాయి, ఎదుటి చెయ్యి సులువుగా దూరడానికి. కొన్నాళ్ళకు బట్టే మార్చారు. పల్చటి నూలులో అక్కడక్కడా లావు దారాలు అడ్డంగా, నిలువుగా కలిపి చిన్న చిన్న గళ్ళుగా నేశారు. ముల్లు ఒక గడిని చింపితే చిరుగు ఆ లావు దారం దగ్గర ఆగిపోతుంది. జాకెట్‌ను ప్యాంటులోకి దోపుకోకూడదు, వదులుగా వేలాడాలి, కిందినుంచి గాలి ఆడాలి. చీర కట్టుకున్న మనిషికి ఈ సూత్రం కొత్తగా చెప్పాలా?

అసలుది దొరకదు, దొరికినా నా జీతానికి అందదు. కంటోన్మెంటులో పుట్టి పెరిగిన దాన్ని కాబట్టి నాకు వేరే దారి ఉంది. సికింద్రాబాద్‌కు 1806 నుంచి దండు వాసన ఉంది. ఆ వాసన మీద బతికే దర్జీలు లాల్‌బజార్, తిరుమలగిరి వైపు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళలో ఒక పెద్దాయన్ని నేను భాయ్ అంటాను, ఆయన నన్ను బేటీ అంటాడు. ఫోనులో ఫొటోలు చూపించాను. కళ్ళజోడు పైకి నెట్టి చాలాసేపు చూశాడు.

“జేబులు వంకరగా కుట్టానని ఎవరైనా అంటే?”

“అవి వంకరగానే ఉండాలి భాయ్.”

“నలభై ఏళ్ళుగా తిన్నగా కుట్టడం నేర్చుకున్నాను బేటీ” అని గొణుక్కుంటూనే కొలతలు తీసుకున్నాడు. మిలిటరీ కొలతల్లో చిన్నదంటే ఛాతీ 33 నుంచి 37 అంగుళాలు. భుజాలు సరిపోతాయి, తుంటి దగ్గర పట్టేస్తుంది. భాయ్ రెండు పక్కలా కిందిభాగంలో ముక్కోణపు ముక్కలు కలిపాడు. నకలు శుద్ధంగా ఉండాలని పట్టుబట్టే వాళ్ళు చూస్తే గుండెలు బాదుకుంటారు. మెట్టు మీద కాలెత్తి పెట్టాల్సింది నేను, వాళ్ళు కాదు.

పట్టీల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధం ఫొటోల్లో సిపాయిల పిక్కల చుట్టూ గుడ్డ చుట్టి ఉంటుంది చూడండి, ఇంగ్లీషువాళ్ళు దాన్ని పటీ అంటారు, మన పట్టీ మాటే. కాలినడక సైనికులు మడమ నుంచి మోకాలి దాకా చుట్టేవారు, గుర్రపు దళంవాళ్ళు మోకాలి నుంచి కిందికి. వాటిని కట్టుకుంటే పల్లేరుకాయలు, ఉత్తరేణి గింజలు, గడ్డి ముళ్ళు సాక్సుల్లోకి దూరవు. పాము కాటును ఆపుతాయనుకునేరు, అంత లేదు. నేను పాత మిలిటరీ కంబళిని నాలుగంగుళాల వెడల్పున కత్తిరించి చుట్టుకున్నాను. మొదటి రోజే అంచులు పీచులు పీచులుగా ఊడి, భువనగిరి కోట మెట్ల మీద నా వెనక తోకలా ఈడ్చుకుంటూ వచ్చాయి. భాయ్ అంచులు కుట్టి ఇచ్చాక బాగుపడ్డాయి. మరీ బిగిస్తే పాదం తిమ్మిరెక్కుతుంది, వదులైతే జారుతుంది, చేతికి అలవాటు కావడానికి నాకు అయిదారు ఆదివారాలు పట్టింది. “ఆడపిల్ల కాళ్ళకు పట్టీలు పెట్టుకోవే అని చిన్నప్పటినుంచీ మొత్తుకున్నాను, చివరికి ఇవా పెట్టుకుంది?” అని అమ్మ.

ఇక నల్లమల. భాయ్ కుట్టిన ఆ జంగిల్ జాకెట్ ముదురాకుపచ్చ. ప్యాంటు అదే రంగు. నెత్తిన గుడ్డ టోపీ. అలా తయారై నలుగురం శ్రీశైలం రోడ్డున మన్ననూరు దాటి, మల్లెలతీర్థం వైపు వెళుతూ దారిలో టీ తాగడానికి ఆగాం. మిగతా ముగ్గురూ రంగురంగుల టీషర్టుల్లో ఉన్నారు. వాళ్ళకు టీ ఇస్తూ ముసలాయన బాగానే మాట్లాడాడు. నేను దగ్గరికి రాగానే మాట ఆగిపోయింది. గ్లాసు నా చేతికివ్వలేదు, బల్ల మీద పెట్టాడు. నా బూట్లు చూశాడు, జేబులు చూశాడు.

“అమ్మా, మీరు ఏ డిపార్టుమెంటు?”

“ఏ డిపార్టుమెంటూ కాదు. ఊరికే జలపాతం చూడటానికి వచ్చాం.”

“ఊరికే వచ్చేవాళ్ళు ఇటువంటి బట్టలు వెయ్యరు” అన్నాడు. కాసేపటికి, పొయ్యి వైపు తిరిగి, “ఈ బట్టలు రాత్రిపూట తలుపు తట్టేవి. ఒకసారి అన్నలు, ఇంకోసారి వాళ్ళ కోసం వెతికేవాళ్ళు. చీకట్లో మాకు ఇద్దరూ ఒక్కలాగే కనిపించేవాళ్ళు” అన్నాడు.

నేను చదువుకున్న చరిత్రంతా వియత్నాంది, బర్మాది, ఎవరెస్టుది. నా కళ్ళెదుటి అడవి గురించి ఎందుకు గుర్తు రాలేదు? 2004 అక్టోబరులో మావోయిస్టు నాయకులు ప్రభుత్వంతో చర్చలకని ఈ నల్లమల నుంచే బయటికొచ్చి హైదరాబాద్ చేరినప్పుడు ఆ వార్తలు నేను టీవీకి అతుక్కుపోయి చూశాను. వాళ్ళ ఒంటి మీదా ఆకుపచ్చే. వాళ్ళను వేటాడటానికి 1989లో పెట్టిన గ్రేహౌండ్స్ పోలీసు దళాలూ ఆకుపచ్చలోనే అడవిలోకి వెళ్ళాయి. నాకు చక్కటి కుట్టుపనిగా కనిపించినది ఆయనకు ఇంకొకటిగా కనిపించింది. జలపాతానికి దిగే మెట్ల దగ్గర జాకెట్ విప్పి సంచీలో పెట్టాను. ముళ్ళు గీరాయి, గీరనీ అనుకున్నాను.

నాన్నకు చెబితే ఆశ్చర్యపోలేదు. ఆయన నియమాలు ముందునుంచీ ఉన్నవే: మన సైన్యం మచ్చల బట్ట ముట్టుకోకూడదు, భుజాన పట్టీ గుర్తులు, బ్యాడ్జీలు, రెజిమెంటు గుండీలు ఏవీ ఉండకూడదు. 2016 జనవరిలో పఠాన్‌కోట్ దాడి తరవాత, సైన్యం బట్టల్లాంటివి వేసుకోవద్దని ప్రజలను, అమ్మవద్దని దుకాణాలను సైన్యమే కోరింది. 2022 జనవరి 15న సైనిక దినోత్సవం నాడు చూపించిన కొత్త యుద్ధ దుస్తుల నమూనా మీద హక్కులు కూడా నమోదు చేయించుకుంది, బజారులో అమ్మకానికి లేదు. ఇక సైనికుడినని జనం నమ్మాలన్న ఉద్దేశంతో అటువంటి బట్టలు వేస్తే, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 168 కింద మూడు నెలల దాకా జైలు. నా ఉద్దేశం అది కాదనుకోండి. ఉద్దేశం నా లోపల ఉంటుంది, జాకెట్ బయట ఉంటుంది.

“అయితే ఖాకీ కుట్టించుకుంటాను” అన్నాను. పుస్తకం తెరిచి కథ కూడా చెప్పాను: ఖాక్ అంటే దుమ్ము, 1846లో పెషావర్‌లో పుట్టిన గైడ్స్ దళానికి హ్యారీ లమ్స్‌డెన్ అనే బ్రిటిష్ అధికారి తెల్లబట్టలు వద్దని మట్టి రంగు అద్దించాడు, ప్రపంచంలో చాలా సైన్యాలు ఆ తరవాతే దుమ్ము రంగులోకి మారాయి. నాన్న ఓపికగా విన్నారు.

“బాగుంది. అడవిలో ఖాకీ వేసుకుంటే ఫారెస్టువాళ్ళనుకుంటారు, ఊళ్ళో వేసుకుంటే పోలీసులనుకుంటారు, సికింద్రాబాద్ స్టేషన్ బయట నిలబడితే ఆటో వస్తుందా అని అడుగుతారు.”

ఇక మిగిలిన రంగులేమిటి? ఈ ప్రశ్న మీద భాయ్, నేను ఒక మధ్యాహ్నమంతా గడిపాం. నీలం వైమానిక దళానిది, తెలుపు నౌకాదళానిది, నలుపు వేసుకుంటే కమాండో అంటారని భాయ్ ఒక్కొక్కటీ కొట్టేశాడు. చివరికి సుల్తాన్‌బజార్‌లో కాచు రంగులో డ్రిల్లు అనే దళసరి నూలు బట్ట దొరికింది. తమలపాకు తిన్న పెదవికీ ఎండిన మట్టికీ మధ్య రంగు. గళ్ళనేత కాదు, కాబట్టి మోచేతులకు, మోకాళ్ళకు రెండో పొర వేశాడు. గుండీల మీద బట్ట కప్పాడు, జేబులు ఏటవాలుగానే పెట్టాడు, ఈసారి గొణగలేదు. చూస్తే మిలిటరీ బట్ట అని ఎవరూ అనరు. వేసుకుంటే నాకు తెలుస్తుంది.

మార్చిలో మళ్ళీ మల్లెలతీర్థం వెళ్ళాం, అదే చోట ఆగాం. ముసలాయన నన్ను గుర్తు పట్టలేదు, లేదా పట్టనట్టు ఉన్నాడు. గ్లాసు చేతికిచ్చాడు. ఒక్క మాటే అన్నాడు, “ఎండలో ఇంత మందం బట్టెందుకమ్మా?” ఆయన అన్నది నిజమే, డ్రిల్లు కాస్త బరువు. ఈ వేసవికి ఇంకా పల్చటిది చూడాలి.

ఆకుపచ్చ జాకెట్ పారెయ్యలేదు. మేడ మీద నీళ్ళ ట్యాంకు కడిగేటప్పుడు వేసుకుంటాను. ఎం-65 మాత్రం డిసెంబరు కోసం అటక మీద ఉంది, అనంతగిరి దాకా దానికి అనుమతి ఉంది, నల్లమలకు లేదు.

పోయిన ఆదివారం ఎర్రగడ్డలో ఒక ఉన్ని గ్రేట్‌కోటు చూశాను. మోకాళ్ళు దాటే పొడవు, రెండు వరసల గుండీలు, చేతిలో పట్టుకుంటే చిన్న పిల్లాడంత బరువు, ఒక భుజం దగ్గర చిమ్మటలు కొట్టిన చిల్లు. తొమ్మిది వందలన్నాడు, ఆరు వందల దాకా దిగాడు. ఈ ఊళ్ళో దాన్ని వేసుకునే రోజు ఏడాదికి ఒక్కటైనా వస్తుందా అని లెక్క వేశాను, రాదు. లెక్కలు నా వృత్తి. అయినా దాని లోపల ఒక జేబు ఉంది, మోచేతి దాకా చెయ్యి దూరింది. వచ్చే ఆదివారం దాకా ఎవరూ కొనకపోతే చూస్తాను. నాన్నకు ఇంకా చెప్పలేదు.